నెట్‌వర్కు మీద కాపలా: ఒక నైతిక ప్రశ్న

కాలేజీ నెట్‌వర్కు మీద విద్యార్థులు ఒకరికొకరు ఫైళ్ళు పంచుకుంటున్నారనీ, అందులో ఎక్కువ భాగం సినిమాలూ పాటలూ, అంటే దొంగసరుకేననీ, గనక ఆ పంపకాన్ని కనిపెట్టి ఆపెయ్యటం యాజమాన్యానికి హక్కే కాదు, ధర్మం కూడాననీ ఒక వాదన ఉన్నది. దీనికి మనవైపు నుంచి వచ్చే జవాబు సాధారణంగా ఒక్కటే: జ్ఞానం అందరిదీ, పంచుకోవటం దొంగతనం కాదు. ఈ రెండు పక్షాలూ చాలాకాలంగా ఒకదాన్నొకటి ఖండించుకుంటున్నాయి గాని, నాకు తోచినంతవరకు రెండూ అసలు ప్రశ్నను తాకటం లేదు. పంచుకున్న వస్తువు ఎవరిదన్నది ఒక ప్రశ్న. పంచుకునే దారినే మూసెయ్యవచ్చునా, మూయటం కోసం ఆ దారిన పోయే ప్రతి మనిషి మూటా విప్పి చూడవచ్చునా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరికినట్టు కాదు.

ఈ పంపకం ఎలా జరుగుతుందో ముందు తెలుసుకోవాలి. సాహిత్యం చదువుకున్నవాళ్ళం గనక యంత్రాల సంగతి మనకెందుకని తప్పుకుంటాం. మనం తప్పుకోవటం యాజమాన్యాలకు చాలా సౌకర్యం. మామూలు పద్ధతిలో ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరు ఇస్తుంది, తక్కినవాళ్ళందరూ దానిముందు నిలబడి పుచ్చుకుంటారు. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ తయారుచేసిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ అని రెండు జాతులుండవు. ఫైలు చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒక ముక్క అందినవాడు, మిగతా ముక్కల కోసం చూస్తూనే, తనకందినదాన్ని ఇంకొకడికి ఇస్తుంటాడు. ఈవేళ నీ చేలో నేను నాట్లు వేస్తే రేపు నా చేలో నువ్వు వేసే బదులు పని వంటిది. అడిగేవాళ్ళు పెరిగినకొద్దీ ఇచ్చేవాళ్ళూ పెరుగుతారు. పెద్ద కంప్యూటరు కొనే స్తోమత లేనివాడు కూడా పెద్ద వస్తువును లోకానికి అందించగలగటం ఇందులోని విశేషం.

ఈ పద్ధతికి తాను మోసే సరుకేమిటో తెలియదు. దొంగ సినిమా ఈ దారినే వస్తుంది. డెబియన్, ఉబుంటు వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా ఈ దారిన వస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవు అనే గ్రంథాలయం 2012 ఆగస్టులో తన దగ్గరున్నవాటిలో పది లక్షలకు పైగా వస్తువులను టొరెంట్ల ద్వారా అందుబాటులో పెట్టింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నది కూడా ఆ ఆర్కైవులోనే. తెలుగు ఎం.ఏ. చదివిన నా తరంవాళ్ళలో వాటిని ముట్టుకోనివాళ్ళు అరుదు.

అయితే పంపకమే సోషలిజమన్నట్టు మాట్లాడే మిత్రులతో నేను ఏకీభవించలేను. మన కవుల్లో చాలామంది సొంత డబ్బుతోనో అప్పుతోనో ఐదు వందల ప్రతులు వేసుకుంటారు. పుస్తకం వచ్చిన వారానికే దాన్ని ఫోనుతో ఫోటోలు తీసి, పి.డి.ఎఫ్. చేసి, తెలిసినవాళ్ళందరికీ పంపేవాళ్ళున్నారు. వీళ్ళు నష్టపరుస్తున్నది ఏ గుత్త పెట్టుబడిదారునూ కాదు. గోదాములో కాక మంచం కింద కట్టలు దాచుకున్న ఒక స్కూలు మాస్టారిని. శ్రమ ఫలం శ్రమించినవాడికి చెందాలని ఊరేగింపులో నినాదమిచ్చినవాడు తెల్లవారి ఆ పి.డి.ఎఫ్. పంపితే అది అభ్యుదయం కాదు, బద్ధకం. సినిమా సంగతి కొంచెం వేరు. పాట రాసినవాడి హక్కులన్నీ ఒక్క సంతకంతో నిర్మాతకో, ఆడియో కంపెనీకో రాయించుకోవటం దశాబ్దాలపాటు సాగింది. రాయల్టీలో రచయిత వాటాను అలా రాయించుకోవటానికి వీల్లేదని చట్టం చెప్పింది 2012 సవరణతో మాత్రమే. కళాకారుడి నోటికాడి కూడు తీస్తున్నారని నిర్మాతలు కన్నీరు పెట్టేటప్పుడు ఈ చరిత్ర కూడా గుర్తుండాలి. ఏమైనా, కొన్ని పంపకాలు తప్పేనని నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుని, కాపలా సంగతి అడుగుతాను.

2003లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తన హాస్టళ్ళలో ఇకారస్ అనే ప్రోగ్రామును ప్రవేశపెట్టింది. ఏ విద్యార్థి కంప్యూటరైనా ఈ రకం పంపకం మొదలుపెడితే అది పసిగట్టి నెట్‌వర్కు నుంచి తెంచేసేది. మొదటిసారి అరగంట, రెండోసారి ఐదు రోజులు, మూడోసారికి వ్యవహారం క్రమశిక్షణాధికారుల దాకా పోయేది. నేరం రుజువు చేసేదీ, తీర్పు చెప్పేదీ, శిక్ష అమలు చేసేదీ ఆ ప్రోగ్రామే. ఏ పాట, ఎవరి పాట, హక్కుదారుకు అభ్యంతరమున్నదా అనే విచారణ లేదు. పంచుకోవటమే నేర నిదర్శనం. 2008లో అమెరికా ప్రభుత్వం ఉన్నత విద్యా చట్టంలోనే ఈ ధోరణిని చేర్చింది. విద్యార్థులకు ఆర్థిక సహాయం అందే కాలేజీలు అక్రమ పంపకాన్ని ఎదుర్కొనే ప్రణాళిక పెట్టుకోవాలనీ, అందులో ఒక్క సాంకేతిక నిరోధమైనా ఉండాలనీ అన్నది. మనదగ్గర అంత శాసనం కూడా అక్కర్లేకపోయింది. కాలేజీలు కొనే ఫైర్‌వాల్ యంత్రంలో 'పీర్ టు పీర్' అని ఒక గడి ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టటానికి ఏ కమిటీ సమావేశమూ జరగదు.

నైజాం రాజ్యంలో గస్తీ 53 అమల్లో ఉన్న రోజుల్లో సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. సభలో ఏం మాట్లాడారన్నది తర్వాతి మాట. నలుగురు కూడటమే అనుమానాస్పదం. నెట్‌వర్కు కాపలాదారుడికి నవాబు దర్పం ఉన్నదని నేను అనను. పాపం, అతను జీతానికి పనిచేసే ఉద్యోగి. కాని ఆ గడిలో టిక్కు పెట్టటంలోని తర్కం మాత్రం అదే. చేసిన పనిని విచారించటం కష్టం గనక, పని చెయ్యటానికి వీలిచ్చే పద్ధతినే నిషేధించటం.

ఈ తర్కం ఎంతదూరం పోతుందో చెప్పటానికి 2007లో అమెరికాలో బయటపడ్డ కామ్‌కాస్ట్ ఉదంతం చాలు. అది అప్పట్లో అక్కడి కేబుల్ కంపెనీలలోకెల్లా పెద్దది. రాబ్ టొపోల్‌స్కీ అనే ఆయనకు వాద్యాలు లేకుండా నలుగురు కలిసి పాడే పాత అమెరికన్ పాటలంటే ఇష్టం. హక్కుల గడువు ఎప్పుడో తీరిన అటువంటి పాటలను నలుగురికీ అందిద్దామని ప్రయత్నిస్తే ఎంతకూ సాగలేదు. ఆయన కంప్యూటరు నెట్‌వర్కుల పని తెలిసినవాడు గనక కారణం తవ్వితీశాడు. రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటుండగా కంపెనీ యంత్రం మధ్యలో దూరి, ఇటువాడికి అటువాడి పేరుతో, అటువాడికి ఇటువాడి పేరుతో "ఇక చాలు, ఆపేస్తున్నాను" అనే సంకేతం పంపుతున్నది. అంటే ఆపటం ఒక్కటే కాదు. అది దొంగ సంతకం. ఆ అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తానే పరీక్ష చేసి చూసింది. పరీక్షకు ఎంచుకున్నది కింగ్ జేమ్స్ బైబిలు. బైబిలూ ఆగిపోయింది. అప్పటిదాకా కాదు కాదన్న కంపెనీ, ఇది ఆపటం కాదు, ఆలస్యం చెయ్యటమని మాట మార్చింది. 2008 ఫిబ్రవరిలో హార్వర్డులో ప్రభుత్వ కమిషన్ బహిరంగ విచారణ జరిపితే, కుర్చీల్లో కూర్చోటానికి కంపెనీ కూలికి మనుషులను పెట్టింది. (మన ఎన్నికల సభలు చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.) ఆగస్టులో కమిషన్ ముగ్గురికిద్దరి మెజారిటీతో కంపెనీది తప్పని తేల్చింది. 2010 ఏప్రిల్లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కంపెనీ చేసింది న్యాయమని కాదు, ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం కమిషన్ చూపించలేకపోయిందని.

ఇంతకూ కంపెనీ వాదన పూర్తిగా బూటకం కాదు. నెట్‌వర్కుకు పరిమితి ఉన్నది. పదిమంది రాత్రంతా సినిమాలు పంచుకుంటుంటే పదకొండోవాడికి పరీక్ష దరఖాస్తు పేజీ తెరుచుకోదు. హాస్టల్లో ఉన్నవాళ్ళెవరికైనా ఇది అనుభవమే. ఉన్నది తక్కువైనప్పుడు వంతులు పెట్టటం అన్యాయమని మనం ఎలా అంటాం? రేషను కోసం పోరాడినవాళ్ళమే కదా. కాని వీధి కుళాయి దగ్గర మనిషికి ఇన్ని బిందెలని కట్టడి చేసిన పెద్దలు, ఆ నీళ్ళతో ఇంట్లో ఏం వండుతున్నావని అడగరు. బిందెలు లెక్కపెట్టటం వేరు, వంటింట్లోకి తొంగిచూడటం వేరు. నా వాదనంతా ఈ తేడా మీదనే నిలబడి ఉన్నది. ఇది సాధ్యమేనని రుజువు చేసింది కూడా ఆ కంపెనీయే. గొడవ ముదిరాక 2008 చివరికల్లా పద్ధతి మార్చుకున్నది. ఒక ప్రాంతంలో దారి కిక్కిరిసినప్పుడు, అంతకుముందు పావుగంటలో అందరికన్నా ఎక్కువ వాడినవాళ్ళను కాసేపు వరుసలో వెనక్కి నెట్టేది. వాళ్ళు పంపింది పాటా, పాఠమా, బైబిలా అని చూసేది కాదు. మొదటినుంచీ వీలైన పని, తిట్లు పడ్డాక చేశారు.

లోపలికి తొంగిచూసే కాపలాకు ఇంకో గుణమున్నది. అది మనిషి తాహతును బట్టి పనిచేస్తుంది. ఇవాళ రవాణా చాలావరకు సంకేతలిపిలో సాగుతున్నది గనక యంత్రం లోపలి సరుకును నిజంగా చదవలేదు. నడకను బట్టి ఊహిస్తుంది. నెలనెలా డబ్బు కట్టి వి.పి.ఎన్. తెచ్చుకున్న కుర్రవాడు దాని కన్నుగప్పి పోతాడు; సొంత ఫోనులో డేటా వేయించుకోగలవాడికి కాలేజీ నెట్‌వర్కుతో పనే లేదు. మిగిలేది హాస్టలు వైఫై తప్ప వేరే దారిలేని పల్లెటూరి పిల్ల. దొరికేది ఆమె. తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకనే మాట ఎప్పుడూ తనిఖీ చేసేవాడి నోటినుంచే వస్తుంది. ఎవరు ఏ పుస్తకం దించుకున్నారు, ఏ సంఘం కరపత్రం ఎవరికి పంపారు అన్న జాబితా ఒకచోట తయారయ్యాక, అది పాటల దొంగల కోసమే వాడతారని హామీ ఎవరిస్తారు? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పు వార్డెను గదిదాకా ఇంకా నడిచిరాలేదు.

పనిని వదిలి దారిని మూస్తే ఏమవుతుందో మన తెలుగు సినిమా పేరుమీదనే చూశాం. 2012లో 'దమ్ము' సినిమాకూ, '3' అనే తమిళ సినిమాకూ రక్షణ కావాలని మద్రాసు హైకోర్టునుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆ ఉత్తర్వులు చూపి ఇంటర్నెట్ కంపెనీలు మే నెలలో విమియో వంటి సైట్లను మొత్తానికి మొత్తంగా మూసేశాయి. ఫలానా పేజీని మాత్రమే ఆపాలి, సైటు మొత్తాన్ని కాదని జూన్‌లో కోర్టే వివరించవలసివచ్చింది. ఆ వివరణ ఐదేళ్ళకు మరుపుకు వచ్చింది. 2017 ఆగస్టులో హిందీ సినిమాల కోసం అదే కోర్టునుంచి తెచ్చిన ఉత్తర్వులతో రెండువేల ఆరువందలకు పైగా సైట్లు మూతపడితే, అందులో ఇంటర్నెట్ ఆర్కైవు ఒకటి. మన పాత పుస్తకాలకు ఆ సినిమాలతో ఏం సంబంధమో ఎవరూ చెప్పలేదు.

దీనికి పక్కనే ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు దుకాణం కేసు పెట్టి చూడండి. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు 2012లో ఆ దుకాణం మీదా, విశ్వవిద్యాలయం మీదా దావా వేశారు. పాఠాల కోసం పుస్తకాల భాగాలు కలిపి ప్రతులు తీసి ఇవ్వటం నేరమన్నారు. విద్యార్థులూ అధ్యాపకులూ సంఘాలు కట్టి కోర్టులో తమ వాదన వినిపించారు. 2016 సెప్టెంబరులో హైకోర్టు ప్రచురణకర్తల దావా కొట్టేసింది. డిసెంబరులో డివిజన్ బెంచి, బోధనకు అవసరమైనంత మేరకు తీసుకోవటం చట్టసమ్మతమేనన్నది. తీర్పు మనకు అనుకూలంగా వచ్చిందని కాదు నేను దీన్ని ఎత్తుకున్నది. అక్కడ విచారణకు వచ్చింది జిరాక్సు యంత్రం కాదు, దానితో చేసిన పని. ఆరోపించినవాడూ, ఆరోపణకు గురైనవాడూ ఎదురెదురుగా నిలబడ్డారు. మంచంకింద కట్టలున్న మాస్టారుకు న్యాయం జరగాలన్నా ఇటువంటి దారినే జరగాలి. తన పుస్తకం ఫలానావాళ్ళు పంచుతున్నారని ఆయన ఫిర్యాదు చేస్తే, ఆ విద్యార్థిని పిలిచి, చెప్పుకునేది విని, అప్పుడు తేల్చాలి.

కాలేజీల్లో అధ్యాపక, విద్యార్థి సంఘాలు యాజమాన్యం ముందు పెట్టవలసిన కోరికలు దీన్నిబట్టే తేలుతాయి. రద్దీవేళ వాడకానికి వంతులు పెట్టండి, కాని ఏం వాడుతున్నామని చూడకండి. ఫిర్యాదు వస్తే ఫిర్యాదు మీద విచారణ జరపండి. యంత్రం రాసిపెట్టే జాబితాలో ఏముంటుందో, ఎన్నాళ్ళుంటుందో, దాన్ని చూసే అధికారం ఎవరెవరికో ప్రవేశం నాడే రాతపూర్వకంగా చెప్పండి. హాస్టలు దరఖాస్తుల్లో మెస్సు బకాయి మీద అపరాధ రుసుము రోజుకింతని పైసలతో సహా అచ్చువేస్తారు. ఈ జాబితా గురించి ఒక్క వరుసైనా నేను ఇంతవరకు ఏ దరఖాస్తులోనూ చూడలేదు.