పవిత్రమైన మాటకు మైల అంటుతుందా?

2023 జులై 14న శ్రీహరికోట నుంచి నింగికెగసిన చంద్రయాన్-3లో ఆరు చక్రాల చిన్న బండి ఒకటి ఉంది. దాని పేరు ప్రజ్ఞాన్. ఐతరేయోపనిషత్తు సాక్షాత్తు బ్రహ్మమని చెప్పిన 'ప్రజ్ఞానం' అన్న మాటే అది. అంతటి మాటను యంత్రానికి పెట్టడం అపచారమా? ఈ ప్రశ్నను హీబ్రూ భాష నూరేళ్లకు పైగా ఎదుర్కొంటోంది. 1881లో పాలస్తీనా చేరిన ఎలియెజెర్ బెన్ యెహూదా, ఆయన తోటివారు ప్రధానంగా ప్రార్థనకూ గ్రంథపఠనానికీ మిగిలిన భాషను ఇంటిభాషగా చేయడానికి పూనుకున్నారు. కొత్త వస్తువులకు కావలసిన మాటలు చాలావరకు పాత గ్రంథాల్లోంచే వచ్చాయి. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలో అగ్ని నడుమ మెరిసిన 'హష్మల్' విద్యుత్తుకు పేరైంది. అదే దర్శనంలోని చక్రం 'ఓఫన్' నుంచి సైకిలుకు 'ఓఫనాయిమ్' పుట్టింది. హష్మల్ అర్థం గ్రహించిన పసివాణ్ణి అందులోంచి వచ్చిన మంట కాల్చేసిందని యూదుల ధర్మగ్రంథం తల్ముద్ చెబుతుంది. అంత భయభక్తులతో పలికిన మాట ఈనాడు కరెంటు బిల్లు మీద ఉంటుంది.

దీన్ని తప్పుపట్టినవారిని తేలిగ్గా తీసెయ్యలేం. జెరూసలేంలోని సంప్రదాయనిష్ఠులు చాలామంది నిత్యవ్యవహారానికి యిడ్డిష్‌నే ఉంచుకున్నారు. యూదు మార్మికతను లోతుగా చదివిన గెర్షోమ్ షోలెమ్ 1926లో తత్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌త్స్వైగ్‌కు రాసిన లేఖలో, ఆ మాటల్లో నిద్రాణమైన శక్తిని ఎరగకుండా వాడితే అది ఒకనాడు తిరగబడుతుందని భయపడ్డాడు. ఆ భయంలో నిజముంది: మాట వట్టి చీటీ కాదు, దానికి జ్ఞాపకం ఉంటుంది. అయితే జ్ఞాపకాన్ని కాపాడేది తాళం కాదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరి తిక్కన పంచమవేదమని పేరున్న భారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. ఆయన యజ్ఞం చేసిన సోమయాజి. కృతిని హరిహరనాథునికే అంకితమిచ్చాడు. ఇంటిభాషలోకి వచ్చినందుకు భారతం చిన్నబోలేదు, తెలుగువాడి బతుకులో వేరూనింది.

పిల్లలకు ప్రజ్ఞానమంటే బండే గుర్తుకొస్తుంది, అసలు అర్థం అడుగునపడుతుంది కదా అనవచ్చు. గీతలో పరబ్రహ్మానికి వాడిన 'అక్షరం' అన్న మాటనే పలక మీద దిద్దే గుర్తుకూ వాడుతున్నాం. ఒకటి రెండోదాన్ని చెరపలేదు. చెరిపేది వాడకం కాదు, మూలగ్రంథాన్ని చదవడం మానడం. కాబట్టి మన బాధ్యత మాటను యంత్రానికి దూరంగా ఉంచడం కాదు. బండి పేరు అడిగిన పిల్లవాడికి ఉపనిషత్తునూ పరిచయం చెయ్యడం. ఆ పని చేసినంతకాలం పవిత్రమైన మాటకు మైల అంటదు.