విల్లీ వీక్‌కి వెళ్దామా వద్దా అంటున్న మేనకోడలికి

కాకినాడ



నీ మెసేజ్ చూశాను. ఫోన్ చేసి చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని తేల్చేస్తావని తెలిసే ఉత్తరం రాస్తున్నాను. తీరుబడిగా చదువుకో.

జూలైలో నీ రూమ్మేట్లు ఐరిష్ సంగీతం నేర్చుకునే విల్లీ వీక్‌కని మిల్‌టౌన్ మాల్బే వెళ్తూ నిన్నూ రమ్మంటున్నారన్నావు. నువ్వేమో రెండు రోజులుండి, క్లాసులో చెప్పిందంతా ఫోన్‌లో రికార్డు చేసుకుని లిమరిక్ వచ్చేసి, మిగతాది యూట్యూబ్ చూసి నేర్చుకుంటానంటున్నావు. "అయినా అది మనది కాదుగా అత్తా, నేనొక్కదాన్నే వింతగా కనిపిస్తానేమో" అని చివర్లో ఒక మాట తగిలించావు. సర్టిఫికెట్ ఇస్తారా అని మీ నాన్న అడిగాడట. అది దేనికీ పనికి రాదని నా మాటగా చెప్పు. ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ "నీ దగ్గర సర్టిఫికెట్ ఉందా" అని ఫిడేలు వాయించేవాణ్ణి అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. "ఆ ట్యూన్ ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని మాత్రం తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగేలా నేర్చుకో. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే.

ముందు ఆ ఊరి సంగతి విను. ఎన్నిస్ నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం, అట్లాంటిక్ ఒడ్డుకి దగ్గర. మామూలు రోజుల్లో వెయ్యిమందికి అటూ ఇటూగా ఉంటారు. విల్లీ క్లాన్సీ అనే వడ్రంగి ఆ ఊరివాడు. 1918లో పుట్టాడు. ఇలిన్ పైప్స్ వాయించడంలో ఆ దేశంలోనే పెద్ద పేరు. ఆ వాద్యాన్ని ఊదరు. కుడి మోచేతి కింద ఉండే చిన్న కొలిమితిత్తితో గాలి కొడుతూ, ఎడమ చంకలో సంచిని నొక్కుతూ, వేళ్ళతో స్వరం పలికిస్తారు. ఏడేళ్ళు నేర్చుకోవడం, ఏడేళ్ళు సాధన, ఏడేళ్ళు వాయించడం, అప్పుడు గానీ పైపర్ కాడని అక్కడ ఒక నానుడి. విల్లీ 1973 జనవరిలో పోయాడు. అతన్ని ఎరిగినవాళ్ళు, ముఖ్యంగా మరిష్ ఓ రోహాన్ అనే బడిపంతులు, జూనియర్ క్రీహన్ అనే ఫిడేలు విద్వాంసుడు, మరికొందరు కలిసి ఆ వేసవిలోనే అతని పేర ఒక బడి పెట్టారు. విగ్రహం పెట్టి దండ వేసి ఊరుకునే అవకాశం వాళ్ళకీ ఉంది. బడి పెట్టడం నాకు గొప్పగా తోస్తుంది. అదే విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్, జనం నోట్లో విల్లీ వీక్. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ఉపన్యాసాలు, రాత్రి కేలీలు, అంటే నాట్యసభలు. ఊళ్ళో బళ్ళూ హాళ్ళూ చాలక, కొందరి ఇళ్ళలో కూడా క్లాసులు పెడతారు.

మరి విల్లీ ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఐనా ఊరివాడు గ్యారెట్ బ్యారీ అని కళ్ళు లేని పైపర్ ఒకాయన ఉండేవాడు. 1899లో పోయాడు. విల్లీ తండ్రి గిల్బర్ట్ ఫ్లూటు వాయించేవాడు, ఆయనకి బ్యారీ బాణీలన్నీ నోటికి వచ్చు. బ్యారీ పోయిన దాదాపు రెండు దశాబ్దాలకి పుట్టిన కొడుకుకి అవి తండ్రి నుంచి అందాయి. ఆ తరవాత జానీ డోరన్ వచ్చాడు. గుర్రబ్బండిలో కాపురం, సంతలూ పందేలూ జరిగేచోట పైప్స్ వాయించుకుంటూ పొట్టపోసుకునే ట్రావెలర్ కుటుంబం అతనిది. ఆ దేశంలో ట్రావెలర్లని ఎంత చిన్నచూపు చూస్తారో నువ్వూ గమనించే ఉంటావు. గుమ్మం తొక్కనివ్వని ఇళ్ళవాళ్ళే అతను వాయిస్తుంటే దారిలో నిలబడి వినేవారు. 1947లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ అతని వాద్యాన్ని రికార్డు చేసింది కాబట్టి ఇవాళ మనమూ వింటున్నాం. అంటే గుడ్డివాడొకడు, దేశదిమ్మరి ఒకడు, ఒక వడ్రంగి. ఈ వరుస గుర్తుపెట్టుకుని ఆ ఊళ్ళో అడుగు పెట్టు. ఎదురుగా మాసిన స్వెట్టర్ వేసుకుని కూర్చున్న ముసలాయన్ని మొక్కుబడిగా పలకరించి దాటిపోకు.

ఇక క్లాసు. నువ్వు టిన్ విజిల్ తీసుకో. ఆరు రంధ్రాల రేకు గొట్టం, డీ శ్రుతిది కొను. పది, పదిహేను యూరోల్లో వస్తుంది. ఎనిమిదో తరగతి దాకా వయొలిన్ నేర్చుకున్నావు కదా, ఫిడేలు క్లాసుకే వెళ్తానంటావు. వద్దని నా సలహా. మనం కింద కూర్చుని వయొలిన్ తలని చీలమండ మీద ఆనించి, సపసప శ్రుతిలో వాయించే అలవాటు వేరు. వాళ్ళ తీగల శ్రుతి వేరు, పట్టు వేరు. అన్నిటికంటే, నీకు కొంత వచ్చన్న ధీమాతో చెవి సగం మూసుకుంటావు. విజిల్ చేత పట్టుకుంటే ఏమీ రాదు. పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల నీకంటే బాగా ఊదుతుంది. ఆ వారానికి నీకు కావలసింది అదే.

గురువు నొటేషన్ కాగితం ఇవ్వకపోవచ్చు. రెండు బార్లు ఊదుతుంది, మీరు ఊదాలి. మళ్ళీ అవే రెండు. తప్పినవాళ్ళు ఎవరో వెతకదు, అందరి చేతా ఇంకోసారి ఊదిస్తుంది. ట్యూన్ అంటే ఎనిమిది బార్ల ముక్క రెండుసార్లు, ఇంకో ఎనిమిది బార్ల ముక్క రెండుసార్లు, అంతే. జిగ్ అయితే తకిట తకిట నడక, రీల్ అయితే తకధిమి. గంట తిరిగేలోపు బొమ్మ చేతికొస్తుంది. ప్రాణం మాత్రం రోల్‌లో ఉంది. ఒకే స్వరాన్ని నాలుకతో విడగొట్టకుండా, పై వేలు టక్కున ఎత్తి దించి, వెంటనే కింది వేలితో రంధ్రాన్ని తట్టి, మూడుసార్లు పలికినట్టు వినిపించాలి. వేలు ఎత్తడం చాలా కొద్దిగా ఉండాలి. ఎత్తిన వేలు విడి స్వరంగా వినబడితే రోల్ చెడినట్టే. ఎంత కొద్దిగా అన్నది వీడియోలో కనబడదు. పక్కన కూర్చుని, గురువు వేలి ఊపు చూస్తూ, నీది తప్పినప్పుడు ఆవిడ కనుబొమ్మ ఎగరెయ్యడం చూస్తూ పట్టుకోవాలి.

రికార్డు చెయ్యొద్దనటంలేదు. ముందు అడుగు, సాధారణంగా సరేనంటారు. క్లాసు చివర్లో ఆ రోజు ట్యూన్ ఒక్కసారి, మరిచిపోకుండా ఉండటానికి, అంతవరకే. ఫోన్ ఎత్తి పట్టుకుని కూర్చున్నవాళ్ళకి "తరవాత వినొచ్చులే" అన్న భరోసా వస్తుంది. ఆ భరోసాతో చెవి పని మానేస్తుంది. పోగు చేసుకోవడం తప్పని కూడా నేననను. షికాగో పోలీసు చీఫ్ ఫ్రాన్సిస్ ఓనీల్ కార్క్ కౌంటీ నుంచి వలస పోయినవాడు. తోటి వలసదారుల నోటా వేళ్ళా ఉన్న బాణీలన్నీ విని విని పట్టుకుని 1903లో 1,850 ట్యూన్లతో పుస్తకం వేశాడు. నొటేషన్ రాసిపెట్టినవాడు జేమ్స్ ఓనీల్ అనే మరో పోలీసు. ఆ పుస్తకం లేకపోతే ఎన్నో బాణీలు మట్టికొట్టుకుపోయేవి. అయితే ఆయన పోగు చేసింది మనుషుల దగ్గర కూర్చుని. ఏ ట్యూన్ ఎవరిచ్చారో తరవాతి పుస్తకాల్లో ఓపిగ్గా చెప్పుకున్నాడు కూడా.

సాయంత్రం డాన్స్‌కి వెళ్ళు. తప్పించుకోకు. రివర్‌డాన్స్ షో చూసి చేతులు ప్రక్కలకి కట్టేసుకుని కాళ్ళు ఎగరెయ్యడమే ఐరిష్ నాట్యమనుకుంటావేమో. అది స్టేజీది, పోటీలది. క్లేర్‌లో జనం ఆడేది సెట్ డాన్స్. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడతారు. ఎదురెదురుగా ఉన్న రెండు జంటలు టాప్స్, మిగతా రెండు జంటలూ సైడ్స్. నువ్వు ఎప్పుడూ సైడ్స్‌లో నిలబడు. చాలా సెట్లలో టాప్స్ ముందు ఆడి చూపిస్తారు, చూసి నీ వంతు ఆడొచ్చు. ఎవరూ చెప్పరు గానీ ఇదొక్కటి తెలిస్తే సగం భయం పోతుంది.

నేను మొదటిసారి నిలబడ్డ కాలెడోనియన్ సెట్‌లో నా జత ఒక ముసలి రైతు, మా ఆసుపత్రిలో నా పేషెంటే. "డాక్టరమ్మా, అక్కడ నువ్వు చెప్పినట్టు నేను విన్నాను, ఇక్కడ నేను చెప్పినట్టు నువ్వు విను" అన్నాడు. తీరా సంగీతం మొదలయ్యాక నోరు విప్పితే ఒట్టు. నా వీపు మీద ఆన్చిన అరచెయ్యి ఒత్తిడే భాష. 'హౌస్' అంటే జంటగా పట్టుకుని గిరగిరా తిరుగుతూ సెట్ మొత్తం చుట్టి రావడం. నేను తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలా అవతలి జంటలోకి వెళ్ళిపోతే, ఎదురుగా ఉన్నావిడ చెయ్యి చాచి పట్టుకుని, ఇటు తిప్పి, మళ్ళీ ఆయన చేతికి అప్పగించింది. మిగతా ఏడుగురూ నవ్వారు, ఆట ఆగలేదు. ఎనిమిది మందిలో ఒకరికి రాకపోతే ఏడుగురు మోస్తారు. వచ్చే ఏడు నువ్వు మోసేవాళ్ళలో ఉండాలి. అందుకే రెండు రోజులుండి వచ్చేస్తానంటే నాకు నచ్చలేదు. మోయించుకుని వెళ్ళిపోయినట్టు ఉంటుంది. కనీసం ఆ వారం పూర్తిగా ఉండు. రెండో రోజు ఏమీ రాదనిపిస్తుంది. మూడో రోజు ఇంకా ఘోరం. నాలుగో రోజు కాళ్ళు వాటంతట అవే వెళ్తాయి.

"మనది కాదుగా" అన్నావు. వాళ్ళదెప్పుడైందో చెప్తా విను. ఈ సెట్లకి మూలం పారిస్‌లో కులీనులు ఆడిన క్వాడ్రిల్. పంతొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్ చేరింది. ఊరూరా తిరిగే డాన్స్ మాస్టర్లు దానికి స్థానిక అడుగులు అతికారు. 1893లో పుట్టిన గేలిక్ లీగ్ అసలైన ఐరిష్ సంస్కృతిని నిలబెట్టే ఊపులో, సెట్లు పరాయివని పక్కన పెట్టి కేలీ నాట్యాలని ముందుకు తెచ్చింది. ఆ మొదటి కేలీ జరిగింది 1897లో, అదీ లండన్‌లో! తరవాత 1935లో పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం వచ్చింది. నాట్యం జరిగే చోటికి కోర్టు లైసెన్సు ఉండాలన్నారు. దాన్ని అడ్డం పెట్టుకుని ఫాదర్లూ పోలీసులూ ఇళ్ళ వంటగదుల్లో జరిగే నాట్యాలని కూడా ఆపించారు. ఇంటింటి ఆట పోయాక వాయించడానికి చోటే లేకుండా పోయిందని జూనియర్ క్రీహన్ చివరిదాకా బాధపడ్డాడు. మళ్ళీ సెట్లు లేచి నిలబడ్డది 1980లలో, జో ఓడొనవన్, కోనీ రయాన్ లాంటి గురువులు వర్క్‌షాపులు పెట్టి ఊళ్ళు తిరిగాకే. అంటే పరాయిదని ఒకసారి, పాపమని ఒకసారి వెలేస్తే, పట్టుబట్టి ఆడుతూ వచ్చినవాళ్ళ వల్ల మిగిలింది. నువ్వు ఆడితే వాళ్ళకేమీ తరిగిపోదు.

మనవాళ్ళూ ఇలాగే చేశారు. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసు దగ్గర తెల్లవాళ్ళ బ్యాండు విని, ఆ బాణీలకి సంస్కృతంలో నొట్టుస్వరాలు కట్టారు. "సంతతం పాహిమాం" బాణీ బ్రిటిష్ జాతీయగీతానిది. వాటిలో ఐర్లండ్ బాణీ కూడా ఉంది. నీ వయొలిన్‌ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన తొలివారిలో ఆయన తమ్ముడు బాలుస్వామి ఒకరు. ఆయనా ఒక యూరోపియన్ దగ్గర కూర్చునే నేర్చుకున్నారు. పరాయిదనుకుని ఊరుకుని ఉంటే మన కచేరీకి పక్కవాద్యం ఏముండేది?

అయితే అతిథిలా మసలుకో. పబ్‌లో బల్ల చుట్టూ కూర్చుని వాయించేవాళ్ళని చూసి, ఖాళీ కుర్చీ ఉంది కదా అని కూర్చోకు. అది ఎవరో రోజూ కూర్చునేదై ఉంటుంది. పక్కన నిలబడి విను, పిలిస్తే వెళ్ళు. వచ్చిన ఒక్క ట్యూన్ వాయించమంటే వాయించు, రానిదానికి విజిల్ పెదవులదాకా కూడా తేకు. బౌరాన్ అనే డప్పు మాత్రం మొదటి ఏడు ముట్టుకోకు. తోలు మీద దెబ్బ వెయ్యడం తేలిగ్గా కనిపించే కొద్దీ సభని పాడుచెయ్యడమూ తేలికే. దాని మీద అక్కడ ఉన్నన్ని జోకులు మరే వాద్యం మీదా లేవు. పబ్ అనగానే మీ అమ్మ కంగారు పడుతుంది. టీ అడిగినా, సోడా అడిగినా ఇస్తారు, అదేమని ఎవరూ అడగరు. నేనెన్ని సాయంత్రాలు టీతోనే గడిపానో! చప్పట్లు తక్కువ ఉంటాయి, నొచ్చుకోకు. ఎవరైనా నీ వైపు తిరిగి "గుడ్ గర్ల్" అంటే అది పెద్ద మెచ్చుకోలు.

వీడియో పెట్టాలనిపిస్తే వారం అయ్యాక పెట్టు. గురువు పేరూ, ఆవిడకి ఆ ట్యూన్ ఇచ్చినవాళ్ళ పేరూ తెలుసుకుని రాయి. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలియకపోతే వెళ్ళి అడుగు. అడిగితే సంతోషిస్తారు. ఆ జవాబు వినడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది, వాళ్ళ మేనమామలూ, వాళ్ళ ఊరూ, ఆ ఏటి గడ్డికోతలూ అన్నీ వస్తాయి. కూర్చుని విను.

బూట్లు తోలు అడుగుతో ఉన్నవి తీసుకెళ్ళు. రబ్బరు అడుగైతే చెక్క నేల మీద తిరగవు, మోకాళ్ళు పట్టేస్తాయి. రెయిన్‌కోటు జూలైలోనూ కావాలి. గదులు ముందే నిండిపోతాయి కాబట్టి నీ రూమ్మేట్లతో ఇవాళే మాట్లాడు. ఫీజు నేను పంపుతున్నాను, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ అత్త