చేయని పనికి సాక్ష్యము

క్రొత్త ఉలిని పాతదానివలె కనబడునట్లు చేయుట కష్టమైన పని కాదు. ఇనుమును వెనిగరుతో కడిగి, ఉప్పునీట తడిపి గాలికి విడిచినచో ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టును. పిమ్మట తుడిచి నూనె రాచినచో మసకరంగు నిలుచును. ఇనుపముక్కలను వెనిగరులో కొన్నిదినములు నాననిచ్చి ఆ ద్రవమును పిడికి పూసినచో, కొయ్యలోని వగరుపదార్థముతో కలిసి పిడి నల్లబడును. వగరు చాలని కొయ్యకు ముందుగా చిక్కని తేయాకు కషాయము పట్టింతురు. ఇట్టి పనిముట్లు నేడు భోజనశాలల గోడలకును, ధనికుల ఇండ్లకును అలంకారములగుచున్నవి. ఇందు తప్పేమి యని అడుగువారు కలరు.

రసాయనక్రియయందు తప్పు లేదు. కలంకారీవారు కరక్కాయ పట్టించిన బట్టపై, తుప్పుపట్టిన ఇనుము నానిన బెల్లపునీటితో నల్లగీతలు దిద్దుదురు; అందును ఇనుమును వగరును కలియుటయే నలుపునకు కారణము. బీదరులో తుత్తునాగమునకు కొంచెము రాగి కలిపి పోతపోసిన పాత్రకు వెండి పొదిగి, కోటమట్టియు నవాసాగరమును కలిపి రాచి నలుపెక్కింతురు. వెండి మాత్రము తెల్లగా మిగులును. ఆ నలుపును చూచి పాత్ర వయస్సును ఎవడును లెక్కింపడు.

ఉలిపిడి మాట వేరు. వడ్రంగి చేతిలో ముప్పదియేండ్లు మెలగిన పిడి అంతటను ఒకేతీరున అరగదు. బొటనవ్రేలు ఆనుచోట నునుపెక్కును. కొడతి దెబ్బలు తిన్న కొన చిట్లి పూవువలె విచ్చును. వ్రేళ్లు తాకనిచోట గరుకుగనే యుండును. అతడు ఎడమచేతివాటమువాడైనచో అదియు తెలియును. ఆకురాయితో సమముగా అరగదీసిన నకిలీని ఏ వడ్రంగియైనను పట్టగలడు. కాని కొనువాడు వడ్రంగి కాడు గదా! ఆ అరుగుదల ఒక మనుష్యుని శ్రమకు సాక్ష్యము. దానిని కల్పించుట, లేని మనుష్యునిచేత సాక్ష్యము చెప్పించుటయే. నిజమైన వడ్రంగి మరణించినపుడు వాని పనిముట్లు పాతయినుముగా తూకమునకు పోవుచున్నవి. శ్రమకు రాని వెల శ్రమయొక్క వేషమునకు వచ్చుచున్నది. నన్ను మిక్కిలి బాధించునది ఇదియే; కొనువాని నష్టము ఇంతటిది కాదు.

నాటకరంగమునకు ఇట్టి వస్తువులు కావలెను, అందెవరును మోసపోరు. తెలిసియే కొనుచున్నామని గృహస్థులును అందురు. సత్యమే. కాని అమ్మినవాని మాట మొదటి కొనుగోలుతో తీరిపోవును, వస్తువు మిగులును. మూడవచేతికి పోవునప్పటికి అది ఎవరి తాతదో యగును. కావున చేసిన సంవత్సరమును ఇనుముమీదనే చెక్కవలెనని నా కోరిక. అట్లు చెక్కినచో సరకు చెల్లదని వర్తకులందురు.