పుట్టిలో చోటు

కృష్ణకు అటు వనపర్తి, ఇటు గద్వాల నడిగడ్డ. వంతెనలు లేని కాలంలో ఏరు దాటాలంటే పుట్టే దిక్కు. ఒక రేవులో పుట్టి ఊరుమ్మడిది. అయినా వాడవాళ్ళను ఎక్కనిచ్చేవారు కారు. "మీ తాతలెన్నడన్నా ఎక్కిండ్రా? మీరెక్కితే కట్టుబాటు పోతది, ఊరు మునుగుతది" అనేవారు పెద్దలు. వాడవాళ్ళు ఈదారు. కొందరు ఏట్లోనే పోయారు. మిగిలినవాళ్ళు తన్నులు తిన్నారు, అయినా రేవు వదల్లేదు. చివరికి ఎక్కారు. ఊరు మునగలేదు.

ఏళ్ళు గడిచాయి. నాగర్‌కర్నూలు దిక్కు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మూటతో వచ్చారు, అలంపురం జోగులాంబ దర్శనానికి.

"ఒకరికొకరు ఏమైతరు?"

"ఒక్క ఇంటోళ్ళం పెద్దయ్యా. బతుకంత కలిసే ఉంటం."

పెద్దమనిషి తెడ్డు అడ్డం పెట్టాడు. మునుపు ఇలాంటివాళ్ళు నీళ్ళలో దిగినా తప్పు కట్టాల్సిందే. ఆ తప్పు ఈ మధ్యే ఎత్తేశారు. "ఈదుకుంట పోండి, ఎవరొద్దన్నరు? పుట్టి ఆలుమగలకే. మీసుంటోళ్ళు ఎన్నడన్నా ఎక్కిండ్రా? ఎక్కితే ఊరు మునుగుతది."

పుట్టిలో కూర్చున్న వాడ పిల్లగాడు అన్నాడు: "మా కొట్లాట వేరే, వీళ్ళది వేరే. రెంటినీ కలపొద్దు."

పక్కనున్న అవ్వ తలూపింది. "నిజమే బిడ్డా. మా అన్న ఈ నీళ్ళల్లనే పోయిండు. ఆ దుఃఖం వీళ్ళదని నేననను. కానీ ఆనాడు మాకు అడ్డం పెట్టిన తెడ్డు ఇదే. చెప్పిన మాట గూడ ఇదే."

"పంచాయితీ కూడినంక చూద్దాం" అన్నాడు పెద్దమనిషి. అవ్వ పుట్టి దిగింది. "అయితే కూడేదాంక నేనూ ఈడనే కూసుంట" అంది.

నీతి: బాధలు సమానం కాకపోయినా అడ్డు ఒకటే కావచ్చు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కింద స్వలింగ సంబంధం నేరం కాదంది. ఎనిమిది రోజులకు మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆ కత్తిని మరచి కులాన్నీ లైంగికతనూ ఒక్కటే అనడం అన్యాయం. అమెరికాలోనూ కొందరు నల్లజాతి పాస్టర్లు తమ పోరాటంతో స్వలింగ జంటల పోరాటాన్ని పోల్చవద్దన్నారు. కానీ నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్ళిళ్ళపై నిషేధాన్ని 1967లో కోర్టులో ఓడించిన మిల్‌డ్రెడ్ లవింగ్, 2007లో స్వలింగ జంటల పెళ్ళి హక్కును సమర్థించారు. దెబ్బ తిన్న మనిషి చెప్పిన ఆ మాటకే నేను ఎక్కువ విలువిస్తాను.

హైదరాబాద్‌లో కాపురముంటున్న స్వలింగ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్ళిని గుర్తించమని సుప్రీంకోర్టును అడిగారు. కులం, మతం దాటి పెళ్ళాడేవారికి 1954 నుంచి అండగా ఉన్న చట్టమది. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది పార్లమెంటు తేల్చాల్సిన పని అంది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ వీగిపోయాయి.

అంటే పంచాయితీ కూడాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఒకే లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. అది ఎస్సీ రిజర్వుడు స్థానం, అంబేద్కర్ పోరాట ఫలం. అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్ళేవారు స్వలింగ జంటల పెళ్ళిని గుర్తించే చట్టం కోసం ముందుగా లేచి అడగాలి. రేపు ఓటు కోసం మన గడప తొక్కినప్పుడు, అడుగుతారా లేదా అని వారిని మనం నిలదీయాలి.