చేదు ఎంతవరకు వంపాలి?

నారింజ తొక్కను పాకంలో ఊరబెట్టి మిఠాయి చెయ్యడానికి పెద్ద పనితనం అక్కర్లేదు, ఓపిక కావాలి. జెబెల్ అలీలో కాయలకైతే కొదవ లేదు. 1979లో తెరిచిన ఈ రేవులో చలికాలం ఈజిప్టు కాయ దిగుతుంది, ఎండాకాలం దక్షిణాఫ్రికా కాయ. తియ్యటి నారింజను అరబ్బులు పోర్చుగల్ పేరు మీద బుర్తుకాల్ అంటారు. చేదూ పులుపూ కలిసిన కాయకు మాత్రం నారంజ్ అన్న పాత పేరే మిగిలింది. అది మన నారింజే, పారశీకం మీదుగా అరబ్బీలోకి వెళ్ళిన మాట. తియ్యని కాయకు పరాయి పేరు, చేదు కాయకు మన పేరు!

ఎగుమతి కాయలకు మైనం పూస్తారు కాబట్టి ముందు వేడి ఉప్పునీళ్ళతో రుద్ది కడగాలి. తొక్కలు సన్నగా చీరి, చన్నీళ్ళలో వేసి మరగనిచ్చి, ఆ నీళ్ళు వంపెయ్యాలి. మళ్ళీ కొత్త నీళ్ళు. ఇలా మూడుసార్లు. తర్వాత తొక్కల బరువుకు సమానంగా పంచదార, మునిగేటంత నీళ్ళు, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, శొంఠి ముక్క. సన్నటి సెగ మీద తొక్క అద్దంలా మెరిసేదాకా ఉంచి, దించేముందు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే కాస్త కారం. ఆరబెట్టడానికి డిసెంబరు మంచిది. ఆగస్టులో సముద్రపు ఉక్కకు ఎన్నాళ్ళుంచినా జిగురు వదలదు.

ఎన్నిసార్లు వంపాలన్న దగ్గరే తగువు. చేదు నీళ్ళలోకి దిగుతుంది, నిజమే. దానితోపాటు నారింజ వాసనా దిగిపోతుంది. ఆరుసార్లు వంపితే మిగిలేది పంచదార పట్టిన అట్టముక్క. ఒక సెలవునాడు క్యాంపు వంటగదిలో, వారమంతా పోగేసిన తొక్కలతో మిఠాయి చేస్తుంటే, ఊరికి వెళ్ళబోతున్న జగిత్యాల కుర్రవాడు పట్టుబట్టాడు: "ఇంకోసారి పారబొయ్యన్నా, మా అమ్మకు చేదు పడదు." టాంగ్ డబ్బా, నిడో డబ్బా, టైగర్ బామ్, సెంటు సీసాల మధ్య ఈ డబ్బా కూడా పెట్టెలోకి వెళ్ళాలి.

ఫోన్లో కూడా అతను అమ్మకు చేదు తగలనివ్వడు. "మంచిగనే ఉన్ననే అమ్మా, పని అల్కగనే ఉంది" అంటాడు. గదిలో ఎనిమిదిమందన్న సంగతి, వేసవిలో పన్నెండున్నర నుంచి మూడు దాకా బయటి పని నిషేధం కనుక తెల్లవారుజామునే బస్సెక్కాలన్న సంగతి, రెండు నెలల జీతం ఆగిందన్న సంగతి, ఇవేవీ ఆ మాటల్లో ఉండవు.

ఇది అబద్ధమా? వామనుడి కథలో శుక్రాచార్యుడు బలికి బొంకదగిన సందర్భాలు ఏకరువు పెడతాడు. పెళ్ళి మాటలు, ప్రాణం, విత్తం, మానం. గల్ఫ్ ఫోన్లకు కొలిచి కుట్టించినట్టుంది ఆ జాబితా. (ఇక్కడి హెల్పరు అక్కడి పెళ్ళిచూపుల నాటికి సూపర్వైజరవుతాడు.) అయినా తల్లి విషయంలో నేను ఆ కుర్రవాడి పక్షమే. చెబితే ఆమె చెయ్యగలిగేది ఏముంది, నిద్ర పోగొట్టుకోవడం తప్ప? మన బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టడం కూడా స్వార్థమే కదా.

చిక్కేమిటంటే ఆ మాట తల్లి దగ్గర ఆగదు. అరుగు మీద బీడీలు చుడుతూ ఆమె నలుగురికీ చెబుతుంది. పక్కింటామె కొడుక్కి పాస్‌పోర్టు తీయిస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోస్తారు. రేపు వాడు ఇక్కడ దిగి నెత్తి కొట్టుకుంటే ఏజెంటు మోసం చేశాడంటాం. చేశాడు, కాదనను. కానీ ఏజెంటు మాటకు ఊళ్ళో పూచీ పడింది ఎవరు? "వాడు మంచిగున్నడట" అన్న కబురే. ఏజెంటు డబ్బు తీసుకుని చెప్పాడు, మనవాడు పైసా తీసుకోకుండా సాక్ష్యం పలికాడు. ప్రేమతో అన్న మాటే అయినా, దాని ఖరీదు కట్టింది మూడో ఇంటివాడు.

ఇదే అంటే ఆ కుర్రవాడు గరిట నా చేతిలోంచి తీసుకున్నాడు. "చెప్తే నమ్మరన్నా. నువ్వు పోయి సంపాయిస్తున్నవు, మావోడు పోతనంటే అడ్డం పడుతున్నవంటరు."

దీనికి జవాబు వెంటనే దొరకలేదు. నిజం చెప్పినవాడికి ఈర్ష్య అంటగట్టే ఊళ్ళో నిజం ఎలా చెప్పాలి? నాకు తోచిందల్లా, బాగుంది, బాగాలేదు అనడం మానేసి అంకెలు చెప్పమని. జీతం ఇన్ని దిర్హాములు, పని ఇన్ని గంటలు, గదిలో ఇంతమంది, తిండి పోను మిగిలేది ఇంత, అప్పు తీరడానికి ఇన్ని నెలలు. అమ్మకు చెప్పకపోయినా ఫరవాలేదు, పాస్‌పోర్టు చేతబట్టుకుని అడగవచ్చినవాడికి మాత్రం పూర్తిగా చెప్పాలి. అంకెలకు ఈర్ష్య అంటగట్టడం కొంచెం కష్టం.

ఆ కుర్రవాడు ఊళ్ళో అలాగే చెప్పాడు. విన్న ఇద్దరిలో ఒకడు ఆగిపోయాడు. రెండోవాడు బర్రెలమ్మి, అప్పు సగానికి తగ్గించుకుని మరీ వచ్చాడు. అన్నీ తెలిసీ ఎందుకొచ్చావని అడిగితే తొక్క నములుతూ, "ఊర్లె లెక్క గూడ ఏసుకున్ననన్నా" అన్నాడు.