అయిదు జతల ఎడ్లు

ధ్యాన భాగము: లూకా 14:15–33, అపొస్తలుల కార్యములు 5:1–4



గొప్ప విందునకు పిలువబడి రానొల్లని ముగ్గురిలో నడిమివానిని గూర్చి మనము అంతగా ఆలోచింపము. మొదటివాడు పొలము కొనెను. మూడవవాడు పెండ్లి చేసికొనెను. ఈ రెండవవాడు అయిదు జతల ఎడ్లను కొని, వాటిని పరీక్షించి చూడవలసియున్నదని కబురంపెను. ఇతడు అబద్ధమాడలేదు. ఎడ్లను నిజముగా కొనెను, తన సొమ్ముతోనే కొనెను. కొత్త ఎడ్లను కాడికి కట్టి నాలుగు చాళ్లు దున్ని చూడవలెనను తహతహ సేద్యగాండ్ర ఇండ్లలో పుట్టినవారికెల్ల తెలిసినదే. అయినను విందు ఆగలేదు. అతని చోట మరియొకడు కూర్చుండెను.

ఈ ఎడ్ల యజమానిని నాకు మరల జ్ఞాపకము చేసినవాడు మా మేనల్లుడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి, ముప్పది రెండేండ్లవాడు. 2025 జూలైలో అతడు కవాసాకి నింజా 1100 ఎస్‌ఎక్స్ అను మోటారు సైకిలును కొనెను. పందెముల బండికిని దూరప్రయాణపు బండికిని నడిమి జాతి యిది. స్పోర్ట్ టూరర్ అందురు. 1,099 సి.సి. ఇంజను, నాలుగు సిలిండర్లు, 230 కిలోలకు మించిన బరువు, 19 లీటర్లు పట్టు ట్యాంకు. ముందు గాలిని మరల్చు అద్దము, వెనుక పెట్టెలు తగిలించుకొను ఏర్పాటు. ధర పదమూడు లక్షలకు పైమాట. అందుకొరకు అతడు అప్పు చేయలేదు. ఆరేండ్లు కూడబెట్టెను, ఆ ఆరేండ్లలో దశమ భాగము ఒక్క నెలయైనను తప్పలేదు. దీనిని ముందుగా వ్రాయుటకు కారణమున్నది: దుబారా చేయు యువకుని కథయని మీరు తొందరపడరాదు.

అతని తల్లి, నా చెల్లెలు, ఏలూరులో నుండును. 1999లో ఆమె భర్త జాతీయ రహదారిపై స్కూటరు మీద వచ్చుచు లారీ తగిలి మరణించెను. అప్పటికి పిల్లవానికి ఆరేండ్లు. కొడుకు బండి కొనెనని విని ఆమె ఏమియు అనలేదు. “జాగ్రత్త నాన్నా” అని మాత్రము చెప్పెను. అతడు శుక్రవారపు రాత్రి బయలుదేరుచున్నానని ఫోను చేసినప్పుడెల్ల ఆమె వరండాలో దీపము వేసి, కుర్చీ వేసికొని, తెల్లవారువరకు కూర్చుండునని పొరుగింటివారు చెప్పగా నాకు తెలిసినది.

మూడవ నెలలో అతడు నా యింటికి వచ్చి అడిగెను: “మామయ్యా, బండి అమ్మేయమంటారా?”

నేను చేసిన మొదటి పని పొరపాటు. ద్వితీయోపదేశకాండము పదునేడవ అధ్యాయమును తెరచి, రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనరాదను ఆజ్ఞను చూపితిని. సొలొమోను దినములలో ఐగుప్తు రథము వెల 600 తులముల వెండి, గుఱ్ఱము వెల 150 అని లెక్క కూడ చెప్పితిని. అతడు మర్యాదగా వినెను. పిమ్మట నా అలమారు వైపు చూచి, “మామయ్యా, ఆ జర్మన్ నిఘంటువులు అన్నీ తెరిచారా?” అని అడిగెను. ఆ సంపుటములలో రెండింటికి ప్లాస్టిక్ కవరైనను నేను విప్పలేదు. ఇతరుల గుఱ్ఱములను లెక్కపెట్టుట సులభము.

కావున ఇద్దరము కూర్చుండి, గోపురము కట్టగోరువాడు చేయవలసినట్లు, ఖర్చు లెక్క వేసితిమి. అమ్మరాదనుటకు అతని స్నేహితులు చెప్పిన కారణము బలమైనదే. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి.కి మించిన మోటారు సైకిళ్లపై పన్ను 40 శాతమాయెను. అంతకుముందు సెస్సుతో కలిపి 31. ఇప్పుడు అమ్మినవాడు మరల కొనుట కష్టము. పైగా కొత్త బండి రిజిస్ట్రేషను నాడే పాతబండి యగును. కట్టిన జీవితకాలపు పన్నును కొనువాడు పూర్తిగా లెక్కలోనికి తీసికొనడు. రెండవ ప్రక్కన వ్రాసినవి వేరు. దూరమునకును వేగమునకును చేయబడిన ఈ బండిని హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రానీయరు. బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన దారియు 2023 ఆగస్టు నుండి ద్విచక్ర వాహనములకు మూయబడినది. ఎడ్లు బలమైనవి, చేను మాత్రము లేదు! 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనములపై నున్నవారే. ఈ అంకెను వ్రాసినప్పుడు అతడు పెన్ను క్రింద పెట్టెను. ఆ యింట ఆ అంకెకు ఒక ముఖమున్నది.

లెక్క ముగిసినను తీర్పు రాలేదు. అప్పుడు అదే అధ్యాయమున ముప్పది మూడవ వచనమునకు వచ్చితిమి. తనకు కలిగిన సమస్తమును విడువనివాడు శిష్యుడు కాలేడను భావముగల మాట అది. అనువాదకునిగా నేను ఈ మాటయొద్ద చాల సేపు నిలిచినవాడను. గ్రీకులో ఉన్న క్రియ అపొటాస్సొమాయ్. దానికి మూలార్థము పారవేయుట కాదు, సెలవు పుచ్చుకొనుట. లూకా తొమ్మిదవ అధ్యాయములో తన యింటివారియొద్ద సెలవు పుచ్చుకొనివత్తునని చెప్పినవాని నోట ఉన్నది ఈ క్రియయే. కొరింథులోని సహోదరులయొద్ద పౌలు సెలవు పుచ్చుకొని ఓడ యెక్కినప్పుడు లూకా వాడినదియు ఇదియే.

సెలవు పుచ్చుకొనుటలో ద్వేషము లేదు. పౌలు కొరింథువారిని అసహ్యించుకొని వెళ్లలేదు. మన తెలుగువారము గడప దాటునప్పుడు “వెళ్తాను” అనము, “వెళ్లొస్తాను” అందుము. వస్తువుల విషయమున మాత్రము మనకు ఈ మర్యాద తెలియదు: గట్టిగా పట్టుకొందుము, లేదా కోపముతో విసరివేయుదుము. సెలవు పుచ్చుకొనినవానికి ఆ వస్తువును మరల ఇచ్చుటయో ఇయ్యకుండుటయో ప్రభువు చేతిలోనిది. ఏజెన్సీ గ్రామములలో తిరుగు ఒక వైద్యుడు నాకు తెలియును. అతనికిని పెద్ద మోటారు సైకిలున్నది, దానిని శుభ్రముగా తుడుచుకొనుటలో అతనికి ఎంతో సంతోషము. అతనిని అమ్ముమని నేనెన్నడును చెప్పను.

“అయితే అమ్మ కోసం అమ్మేస్తాను” అనెను మేనల్లుడు. ఆ మాట నాకు సంతోషము కలిగింపలేదు. అననీయతో పేతురు చెప్పినదానిని మనము త్వరగా దాటిపోవుదుము. ఆ పొలము అమ్మకమునుపు నీదే గదా, అమ్మిన పిమ్మటను దాని వెల నీ వశముననే యుండెను గదా అని అపొస్తలుడు అడిగెను. అమ్ముమని అతనిని ఎవరును బలవంతపెట్టలేదు. అమ్ముటయే పుణ్యమైనయెడల అననీయ సగము పుణ్యాత్ముడై యుండవలెను. కొంత దాచుకొని, అంతయు తెచ్చితినని కనబడుటయే అతని పాపము.

“నాయనా, నీవు దాచుకొన్నదేమైనా ఉన్నదా?” అని అడిగితిని.

చాల సేపటికి చెప్పెను. సెప్టెంబరులో ఒక రాత్రి సూర్యాపేట దాటిన తరువాత, చీకటిలో అడ్డము వచ్చిన గేదెను జానెడు దూరమున తప్పించుకొనెను. రోడ్డు ప్రక్కన అరగంట కూర్చుండి వణకెను. తెల్లవారి తల్లి వడ్డించిన ఇడ్లీ తినుచు, ప్రయాణము హాయిగా జరిగినదని చెప్పెను.

మరునాడు నా చెల్లెలితో ఫోనులో మాటలాడితిని. ఆమెయు దాచుకొన్నదే. “అన్నయ్యా, నా కోసం అమ్మాడంటే, నన్ను చూసినప్పుడల్లా వాడికి ఆ బండే గుర్తుకొస్తుంది. జన్మంతా వాడికి నేను బాకీ. అది నాకు వద్దు. అలాగని నిద్ర పడుతోందని అబద్ధం చెప్పలేను” అనెను. ఈ మాట కొడుకుతో అన్నావా అని అడిగితిని. అనలేదు. ఇరువది ఆరేండ్లుగా ఆ యింటిలో తండ్రి మరణించిన రాత్రిని గూర్చి ఎవరును నోరు తెరవలేదు. ఇద్దరును ఒకే సంఘములో ప్రభుభోజనములో పాలుపొందుచు, ఒకరికొకరు వెలలో కొంత దాచుకొనిరి. బండి వచ్చి దానిని బయటపెట్టినది, అంతే.

ఏలూరులో ఆ తల్లియు కుమారుడును ఏమి మాటలాడుకొనిరో నేను అడుగలేదు. అది నా సొత్తు కాదు. రెండు వారముల తరువాత అతడు ఫోను చేసి, “మామయ్యా, అమ్ముతున్నాను. అమ్మ అడగలేదు. అమ్మ వల్ల కాదు, నా వల్లే” అనెను. నేను నమ్మితిని, ఏలయనగా ఆ గొంతులో గొప్పతనమేమియు లేదు, కొంచెము ఏడ్పు మాత్రమున్నది.

అమ్మకములోను ఒక పరీక్ష వచ్చినది. కొనువాడు వస్తువును చెడ్డది చెడ్డదని పలికి, కొనిపోయి అతిశయించునని సామెతల గ్రంథకర్త ఎన్నడో కనిపెట్టెను. అట్టి బేరగాడు వచ్చి, గీతలు వెదకి, ఏమియు కనబడక లేచెను. అప్పుడు మేనల్లుడే చెప్పెను: పార్కింగులో ఒకసారి నిలిచియున్న బండి ప్రక్కకు ఒరిగి పడెను, క్రింది పలక మార్పించితిని, బిల్లు ఇదిగో. వెలలో నలుబది వేలు తగ్గినది. రెండవ మాట కూడ అతడే పట్టుపట్టెను. మన దేశమున చాలమంది సొమ్ము పుచ్చుకొని, కాగితములపై సంతకము చేసి ఊరకుందురు. చట్ట ప్రకారము అదే రాష్ట్రములోనైన 14 దినములలోగా బదిలీని తెలుపవలెను. ఫారము 29, ఫారము 30 అందుకే యున్నవి. రిజిస్ట్రేషనులో పేరు మారనంతవరకు ప్రమాదమునకు పాత యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పియున్నది. సెలవు పుచ్చుకొనుటకు లోకములో కూడ ఒక కాగితమున్నదని నేను ఆనాడు నేర్చుకొంటిని.

వీధిలో అట్టి బండి శబ్దము వినబడిన ఇప్పటికిని తల త్రిప్పి చూతునని అతడు నాతో ఒప్పుకొనెను. చూడనిమ్ము. నేను నిఘంటువుల సంపుటములలో ఒకదాని కవరు విప్పితిని; రెండవది ఇంకను అట్లే యున్నది.

పేరు మారినదని సందేశము వచ్చిన వారము అతడు రాత్రి బస్సులో ఏలూరు వెళ్లెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సు దిగి, ఆటోలో ఇంటికి వచ్చి చూడగా, వరండాలో దీపము వెలుగుచుండెను. నా చెల్లెలు అలవాటు చొప్పున కుర్చీ వేసికొని, దానిలోనే నిద్రపోయి యుండెను.