ఎలుకలు పట్టలేని పిల్లి



మనకు సేవ చేసిన ప్రాణి ముసలిదై, ఇక ఏ పనీ చేయలేని స్థితికి వస్తే దానికి మనం ఏమైనా బాకీ ఉన్నామా? ఇది తత్వశాస్త్ర తరగతి ప్రశ్నలా వినిపించవచ్చు. కాని వంశధార సముద్రంలో కలిసే ఈ కళింగపట్నంలో అది మన వంటింటి గుమ్మం దగ్గరే పడుకొని ఉంటుంది. ఏళ్ళ తరబడి వలలనూ బియ్యం బస్తాలనూ ఎలుకల నుండి కాపాడిన పిల్లి అది. ఇప్పుడు పళ్ళు ఊడాయి. అటక ఎక్కలేదు. ఒక్కోసారి ఇల్లు పాడుచేస్తుంది. "ఎలక పట్టనేని పిల్లికి కూడెందుకు?" అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. గోనెసంచిలో వేసి ఏరు దాటించి వదిలేయడం మనకు కొత్త కాదు.

పునీత తోమాసు అక్వినాసు బోధ ప్రకారం బుద్ధిలేని జంతువుతో మనకు స్నేహబంధం లేదు. అయినా పశువులపై దయ చూపమని మోషే ధర్మశాస్త్రం ఎందుకు చెప్పింది? మూగజీవులపై కఠినుడైనవాడు మనుషులపైనా కఠినుడవుతాడు కనుక, అని ఆయన సమాధానం. ఇది నిజమే కాని, నిజమంతా ఇదే కాదు. పిల్లి మన దయాగుణానికి సాధన వస్తువు మాత్రమేనా? నీతిమంతుడు తన పశువుల అవసరాన్ని ఎరిగి నడుచుకుంటాడని సామెతల గ్రంథం (12:10) చెబుతుంది. ఆకలి ఆ జీవిది, నొప్పీ ఆ జీవిదే. దాన్ని ఇంట పెంచి మన చేతి కూటికి అలవాటు చేసినవాళ్ళం మనమే. సత్తువ ఉన్నన్నాళ్ళూ వాడుకొని, సత్తువ ఉడిగాక సొంతంగా బ్రతకమనడం ఏమి న్యాయం?

రోము నగరంలో 1583లో పునీత ఫిలిప్ నేరి తన పాత నివాసం విడిచి వల్లిచెల్లాకు మారినప్పుడు ఆయన పిల్లి పాత గదిలోనే ఉండిపోయింది. దానికి తిండి పెట్టి రమ్మని ఆయన శిష్యులను పంపేవాడు. ఆ పని తమ స్థాయికి తక్కువ అనుకునేవారికి అది వినయపాఠం కూడా.

ఇక రెండవ వైపు చూద్దాం. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2416-2418) జంతువులు దేవుని సృష్టి అనీ, వాటిపట్ల దయ మన విధి అనీ, అనవసరంగా వాటిని బాధపెట్టడం మానవ గౌరవానికి తగదనీ బోధిస్తుంది. అదే చోట, ఆపదలో ఉన్న మనిషికి చేరవలసిన డబ్బును వాటిపై వెచ్చించడమూ తగదనీ, మనుషులకే చెందిన మమతను వాటికి మళ్ళించరాదనీ హెచ్చరిస్తుంది. పక్కింటి బిడ్డకు మందు లేనప్పుడు పిల్లికోసం వేలు ఖర్చుచేయడం ధర్మం కాదు. అయితే ముసలి పిల్లికి కావలసింది వేలు కాదు. మెత్తని అన్నం, ముళ్ళు తీసి ఉప్పు లేకుండా ఉడికించిన చేప, అందుబాటులో నీళ్ళు, పొడి గోనెపట్టా. ఒంటికీ రెంటికీ అంచు తక్కువ పళ్ళెంలో ఇసుక పోయండి. మన తీరాన ఇసుకకు కొదవా? అది నీళ్ళు విపరీతంగా తాగుతూ చిక్కిపోతుంటే మూత్రపిండాలు దెబ్బతిని ఉండవచ్చు. పిల్లి నొప్పిని దాచుకుంటుంది కనుక పశువుల డాక్టరుకు చూపించండి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర మాత్రం పెట్టకండి, అది పిల్లికి విషం. తీరని బాధలో ఉన్న జంతువుకు డాక్టరు చేత నొప్పిలేని మరణం ఇప్పించడం పాపం కాదు. ఆ తర్కాన్ని మనిషి ప్రాణానికి వర్తింపజేయడం మాత్రం ఘోరపాపం. ఆకలితో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మమత మళ్ళడం గురించి ఒక మాట. మన జిల్లా తీరం నుండి ఎందరో యువకులు చేపలవేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళుతుంటారు. ఇంట్లో మామ్మ ఒక్కతే మిగులుతుంది. ఆమె తన ముద్దలో సగం పిల్లికి పెట్టి, దానితో కబుర్లు చెబుతుంటే మనం నవ్వుతాం. మనిషికి ఇవ్వవలసిన ప్రేమ పిల్లికి ఇస్తోందని తప్పుపడతాం. కాని ఆ ప్రేమ అందుకోవలసిన మనిషి ఎక్కడ? పొట్టకూటికోసం వెళ్ళినవారిని నిందించడం లేదు. నెలనెలా డబ్బు పంపుతున్నాం కదా అని ఫోను కూడా చేయని కొడుకుకే, పక్క వీధిలో ఉండి కూడా పలకరించని మనకే సత్యోపదేశపు హెచ్చరిక ముందుగా తగులుతుంది. పిల్లి కొడుకు స్థానాన్ని దొంగిలించలేదు. ఖాళీగా ఉన్నచోట వచ్చి కూర్చుంది.

తల్లిదండ్రులారా, పిల్లీ మామ్మా ఒక్కటి కారు. మనిషి దేవుని పోలికలో సృష్టింపబడినవాడు. కాని మన పిల్లలు 'పనికిరానిది' అనే మాటను ఎక్కడ నేర్చుకుంటున్నారో గమనించండి. గోనెసంచి మూతి కట్టేటప్పుడు పక్కనే నిలబడి వారు చూస్తుంటారు. పనికిరాకపోతే ఇంట చోటు ఉండదన్న పాఠం ఒకసారి మనసులో పడితే అది పిల్లితో ఆగదు. గుమ్మం దాటి లోపలికి, మూలనున్న మంచం దగ్గరికి నడుస్తుంది. రేపు ఆ మంచం మీద ఉండేది మనమే.

కనుక ఈ రాత్రి కుటుంబ జపమాల అయ్యాక ముసలి పిల్లికి అన్నం పెట్టే పని మీ చిన్నవాడికి అప్పగించండి. అంతకంటే ముందు, వాడిచేత మామ్మ కంచంలో అన్నం వడ్డింపజేయండి. ఆ వరుస తప్పనివ్వకండి, ఆ రెంటిలో ఏదీ మాననివ్వకండి.